పిల్లి మీద రెండో మూఢనమ్మకం

నల్లపిల్లి ఎదురైతే కీడన్న నమ్మకాన్ని ఎగతాళి చేసేవాళ్లు తరచూ చెప్పే చరిత్ర ఒకటుంది. పదమూడో శతాబ్దంలో తొమ్మిదో గ్రెగరీ పోపు నల్లపిల్లిని సైతాను రూపమన్నాడట, యూరప్ అంతటా పిల్లుల్ని చంపేశారట, దాంతో ఎలుకలు పెచ్చుమీరి ప్లేగు వచ్చిందట. చేసినవాళ్లకు తగిన శాస్తి జరిగిన కథ గనక వినడానికి బాగుంటుంది. ఆధారం అడిగితే మాత్రం నిలవదు. 1233లో గ్రెగరీ జర్మనీలోని మతాధికారులకు లేఖ రాసిన మాట నిజమే. మతద్రోహులు రహస్యంగా విందు చేసుకున్నాక, ఓ విగ్రహం మీంచి కుక్కంత నల్లపిల్లి తోక పైకెత్తి వెనక్కి నడుస్తూ దిగుతుందనీ, వాళ్లంతా దాని వెనకభాగాన్ని ముద్దాడతారనీ అందులో ఉంది. చాడీలు చెప్పినవాడెవడోగానీ ఊహాశక్తికి కొదవలేదు. కానీ పిల్లుల్ని చంపమన్న ఆజ్ఞ అందులో లేదు. ఆ లేఖ గురిపెట్టింది మనుషుల్ని. ప్లేగు యూరప్‌లో అడుగుపెట్టింది 1347లో, అంటే 114 ఏళ్ల తర్వాత. పిల్లిని శుభ్రమైన జంతువుగా ఆదరించే కైరోనూ అదే ప్లేగు ఊడ్చిపెట్టింది. నలుపు పట్టింపూ అంత గట్టిదేం కాదు: 1566లో ఇంగ్లండులోని చెమ్స్‌ఫర్డ్‌లో జరిగిన పేరుమోసిన మంత్రగత్తెల విచారణలో ‘సైతాన్’ అనే పిల్లి ఒంటి మీద ఉన్నవి తెల్లమచ్చలు.

మన దగ్గరా ఇలాంటి వివరణే ఒకటి చలామణిలో ఉంది. పూర్వం రాత్రిళ్లు ఎడ్లబండ్ల మీద వెళ్తుంటే చీకట్లో పిల్లికళ్లు మెరిసి ఎడ్లు బెదిరేవని, అందుకే పెద్దలు కాసేపు ఆగమన్నారని. చీకట్లో మెరిసేవి పిల్లికళ్లే కావు. వెలుతురును తిప్పికొట్టే పొర నక్క కంట్లోనూ ఉంది, ఆ మాటకొస్తే బండి లాగే ఎద్దు కంట్లోనూ ఉంది. మరి నక్క తోక తొక్కినవాడు మనకు అదృష్టవంతుడెలా అయ్యాడు? పట్టపగలు కాలినడకన బయల్దేరినవాడు పిల్లి అడ్డొచ్చిందని గుమ్మంలోకి తిరిగొచ్చి, కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ కదలడానికీ ఎడ్లకూ ఏం సంబంధం? ముందు ఆచారం ఉంది, కారణం తర్వాత తయారైంది.

కథ నిజం కాకపోతేనేం, జనం భయం వదిలితే చాలదా అనొచ్చు. చాలదు. ప్లేగు కథ విని మారినవాడు ఒక విన్నమాట తీసేసి ఇంకో విన్నమాట పెట్టుకున్నాడు, అంతే. రేపు ఇంతకంటే రంజైన కథ వింటే మళ్లీ అటే వెళ్తాడు. నిజంగా తెలిసినవి చెప్పినా వాదం గట్టిగానే ఉంటుంది. బ్రిటన్‌లో, జపాన్‌లో చాలామందికి నల్లపిల్లి శుభశకునం. బెంగాల్‌లో పిల్లల్ని కాపాడే షష్ఠీదేవికి పిల్లే వాహనం. తాను తిన్నదాన్ని నల్లపిల్లి మీదికి నెట్టిన కోడలు ఎన్ని అగచాట్లు పడిందో అక్కడి వ్రతకథ చెబుతుంది. ఫలం పిల్లిలోనే ఉంటే ఊరు దాటగానే తిరగబడకూడదు కదా.

రెండు నిమిషాలు ఆగితే పోయేదేముంది అన్నది ఇంకో మాట. పిల్లి వరకే అయితే పోయేదేమీ లేదు. కానీ మన దుశ్శకునాల పట్టీలో పిల్లి పక్కనే కట్టెల మోపు, నూనెకుండ, భర్త పోయిన ఆడమనిషి ఉన్నారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఇవాళ్టికీ కన్నబిడ్డ పెళ్లిలో ముందు వరసకు రావడానికి జంకే తల్లులున్నారు. పిల్లి శకునం వెనక పెద్దల సైన్సు ఉందని తలూపినవాడు, అదే పట్టీలో ఉన్న ఆ తల్లిని చూసి ఏ ఎడ్లు బెదిరాయని చెబుతాడు?