వేలికి పెట్టిన మీటరు చెప్పనిది

కరోనా కాలంలో పల్స్ ఆక్సీమీటర్ ఇంటింటి వస్తువైంది. 98 కనిపిస్తే చాలు, హమ్మయ్య అనుకోవడం అలవాటైంది. కానీ రెండు అంతస్తులెక్కితే రొప్పే మనిషికీ కుర్చీలో కూర్చుంటే అదే 98 రావచ్చు. హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్ మోస్తోందో ఆ మీటరు చెబుతుంది. ఒళ్లు ఎంత వాడుకుంటోందో చెప్పదు.

అది తేల్చేది సీపెట్, అంటే కార్డియోపల్మనరీ ఎక్సర్‌సైజ్ టెస్ట్. (ప్లాస్టిక్ కోర్సుల సంస్థ కాదు సుమా!) ముఖానికి మాస్కు బిగించి, బిగువు పెంచుతూ సైకిల్ తొక్కిస్తారు. లోపలికి పోయే, బయటికొచ్చే గాలిని ఊపిరి ఊపిరికీ కొలుస్తారు. ఊరికే కూర్చున్న మనిషి కిలో బరువుకు నిమిషానికి సుమారు 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడు; మేటి పరుగువీరులు గరిష్ఠ శ్రమలో 70 దాటిస్తారు. గుండె వైఫల్యం ఉన్నా ఈ గరిష్ఠ వాడకం 14 మించినవారికి గుండె మార్పిడిని వాయిదా వేయవచ్చని 1991లో అమెరికా వైద్యుల అధ్యయనం తేల్చింది.

పరీక్షలో ఇక తొక్కలేక ఆగిపోయేసరికి ఊపిరితిత్తుల శక్తి ఇంకా మిగిలే ఉందా? అయితే అనుమానం గుండెవైపు, లేదా కదలిక మరిచిన కండరాలవైపు మళ్లుతుంది.

మన దగ్గర ట్రెడ్‌మిల్ ఈసీజీ చకచకా రాసేస్తారు. గుండె కండరానికి రక్తం చాలుతోందా అన్నదే ప్రధానంగా దాని ప్రశ్న. కారణం తెలియని ఆయాసంతో డాక్టర్ల చుట్టూ తిరిగేవారికి మాస్కు పరీక్ష కూడా పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో దొరకాలి.