గ్లాసు ఎవరి పేరిట ఎత్తుతున్నారు?

వలస పాలన ఆనవాళ్ళను సైన్యం నుంచి తుడిచివేయాలన్న ఉద్యమం ఆఫీసర్ల మెస్‌లోని భోజనబల్ల దాకా వచ్చింది. 2022 జనవరిలో బీటింగ్ రిట్రీట్ కార్యక్రమం నుంచి ‘అబైడ్ విత్ మి’ గీతాన్ని తొలగించారు. అదే ఏడాది సెప్టెంబరు 2న కొచ్చిలో విక్రాంత్ నౌకాదళంలో చేరిన రోజున, నౌకాదళ పతాకం మీది సెయింట్ జార్జ్ శిలువకు సెలవు చెప్పారు. 2023లో నౌకాదళ అధికారులు చేతికర్ర పట్టే ఆచారం రద్దయింది. 2024లో నౌకాదళ మెస్‌లలో కుర్తా పైజామాకు అనుమతి లభించింది. ఎండలు మండే దేశంలో కుర్తా వేసుకుని భోజనం చేస్తే దేశరక్షణకు వచ్చే ముప్పేమీ లేదు. అయితే బట్టలను, కర్రలను చూపి ‘బానిసత్వం పోయింది’ అని ప్రకటించేవారిని ఒక ప్రశ్న అడగాలి. ఆ బల్ల దగ్గర అసలు విలువైనది ఏమిటో మీరు గుర్తించారా?

ఆ విందు తంతు ఎరుగని పాఠకుల కోసం నాలుగు మాటలు. రెజిమెంటు తరతరాలుగా కూడబెట్టుకున్న వెండి సామాను బల్ల మీద కొలువు తీరుతుంది. ఒక కొసన అధ్యక్షత వహించే అధికారి, మరో కొసన ‘మిస్టర్ వైస్’ అని పిలిచే జూనియర్ అధికారి కూర్చుంటారు. భోజనం ముగిసి బల్ల ఖాళీ అయ్యాక పోర్టు వైన్ సీసా ఎడమవైపుగా చేతులు మారుతూ సాగుతుంది. అందరి గ్లాసులూ నిండేదాకా ఎవరూ పెదవి తడపరు. అప్పుడు అధ్యక్షుని పిలుపుపై మిస్టర్ వైస్ రాష్ట్రపతిని స్మరిస్తాడు, అందరూ గ్లాసు ఎత్తుతారు. అంతవరకు పొగ తాగకూడదు, బల్ల విడిచి లేవకూడదు. మతమూ రాజకీయాలూ అక్కడ చర్చించరాదన్నది పాత మర్యాద.

ఇందులో వైన్ బ్రిటిష్‌వాడిది. సీసా తిరిగే దిక్కూ వాడిదే. కానీ ఆ గ్లాసు ఎవరి పేరిట లేస్తున్నదో అది మాత్రం మనది. ఒకప్పుడు అదే బల్ల మీద అదే గ్లాసు ఇంగ్లండు రాజు పేరిట లేచేది. గణతంత్రం వచ్చాక వంశం స్థానంలోకి రాజ్యాంగ పదవి వచ్చింది. ఆ పదవిలో ఎవరున్నారన్నది అప్రస్తుతం. రక్షణ దళాల సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతికి చెందుతుందని రాజ్యాంగం 53వ అధికరణం చెబుతున్నది. కనుక ఆ గ్లాసు ప్రధానమంత్రి పేరిట లేవదు, పాలక పక్షం పేరిట లేవదు, సైన్యాధ్యక్షుని పేరిట కూడా లేవదు.

మెస్ మర్యాదలే మన సైన్యాన్ని రాజకీయాలకు దూరంగా ఉంచాయని మురిసిపోయే సంప్రదాయ ప్రియులకూ ఒక మాట చెప్పాలి. 1932లో దెహ్రాదూన్ సైనిక అకాడమీలో చేరిన తొలి బృందం నుంచి మూడు దేశాలకు సైన్యాధిపతులు వచ్చారు: భారతదేశానికి శామ్ మానెక్‌షా, పాకిస్తాన్‌కు మహమ్మద్ మూసా, బర్మాకు స్మిత్ డన్. ముగ్గురూ ఒకే చోట అవే మర్యాదలు నేర్చుకున్నారు. కానీ 1958లో అయూబ్ ఖాన్ పాకిస్తాన్‌లో అధికారాన్ని చేజిక్కించుకున్నాడు, ఆ ఏడాదే మూసా సైన్యాధిపతి అయ్యాడు. కరెన్ జాతీయుడైన స్మిత్ డన్‌ను 1949లో తప్పించి ఆ స్థానంలో నె విన్‌ను కూర్చోబెట్టారు, అతడు 1962లో దేశాన్నే కబళించాడు. ఫోర్కు ఏ చేత పట్టాలో తెలిసినంత మాత్రాన సేనాని ప్రజాస్వామ్యవాది కాడు.

మనల్ని కాపాడినది వైన్ సీసా కాదు, దాని వెనుక నిలిచిన పౌర ప్రభుత్వ ఆధిక్యం. బ్రిటిష్ సర్వసేనాని నివసించిన తీన్‌మూర్తి భవనం స్వాతంత్ర్యానంతరం ప్రధాని నెహ్రూకు నివాసమయింది. 1955లో ‘కమాండర్ ఇన్ చీఫ్’ అన్న హోదానే రద్దు చేశారు. ఆ లక్ష్మణరేఖకు రెండో వైపు కూడా ఉంది: పాలకులు సైన్యంలో తమవారిని పేర్చుకోరాదు. రక్షణమంత్రి కృష్ణ మీనన్‌తో విభేదించి 1959లో జనరల్ తిమ్మయ్య రాజీనామా ఇవ్వడం, నెహ్రూ నచ్చజెప్పాక దానిని ఉపసంహరించుకోవడం కాంగ్రెస్ ఏలుబడిలోనే జరిగాయి. అందువల్ల ఇది ఒక్క పార్టీ పాపం కాదు. కానీ నేటి పాలకుల తీరు మరింత బాహాటమైనది.

రాజకీయ సభల్లో పాల్గొనరాదని 1954 నాటి సైనిక నియమావళి జవానును కట్టడి చేస్తుంది. అతడు పాటించే ఆ సంయమనం రాజకీయ నాయకుడికి అక్కర్లేదా? 2019 ఎన్నికల ప్రచారంలో యోగి ఆదిత్యనాథ్ భారత సైన్యాన్ని ‘మోదీజీ సేన’ అన్నారు, ఎన్నికల సంఘం హెచ్చరించవలసి వచ్చింది. సైనికుల ఫొటోలను ప్రచారంలో వాడవద్దని అదే సంఘం ఆ ఏడాది మార్చిలోనే పార్టీలకు చెప్పింది. 2023లో రక్షణశాఖ తన విభాగాల ద్వారా ప్రభుత్వ ఘనతను చాటే సెల్ఫీ పాయింట్లు ఏర్పాటు చేయించడానికి పూనుకుంది. మెస్‌లో రాజకీయం మాట్లాడకూడదట, మెస్ గోడ దాటాక సైనికుడి యూనిఫారమే ఎన్నికల సరుకు కావచ్చునట! సెయింట్ జార్జ్ శిలువ కన్నా ఇది ప్రమాదకరమైన ముద్ర.

వలస వారసత్వాన్ని వదిలించుకోవాలన్న చిత్తశుద్ధి నిజంగా ఉంటే, మొదట చేయి వేయవలసింది సహాయక్ వ్యవస్థ మీద. దేశం కోసం తుపాకీ పట్టడానికి వచ్చిన జవాను అధికారి బూట్లు తుడవడం, కుక్కను తిప్పడం బ్రిటిష్‌వాడి ‘ఆర్డర్లీ’ పద్ధతికి అసలైన వారసత్వం. దీనిని రద్దు చేయాలని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం సిఫార్సు చేసింది. 2017లో జవానులే వీడియోలు తీసి గోడు వెళ్ళబోసుకున్నారు. గీతం మార్చడానికి ఉన్న తొందర దీనికి ఎందుకు లేదు? గీతం మారిస్తే చప్పట్లు వస్తాయి. సహాయక్‌ను తీసేస్తే అధికారికి అసౌకర్యం కలుగుతుంది.

దెహ్రాదూన్‌లోని చెట్‌వుడ్ హాలులో, దేశ క్షేమం ముందు, నీ కింది సైనికుల క్షేమం తరువాత, నీ సుఖం చిట్టచివర అన్న అర్థం వచ్చే మాటలు నేటికీ ఉన్నాయి. వాటిని చెప్పినవాడు బ్రిటిష్ సేనాని, అయినా అవి మనవయ్యాయి. ఒక ఆచారం ఎవరి నుంచి వచ్చిందన్నది కాదు, అది ఎవరికి సేవ చేస్తున్నదన్నదే గీటురాయి కావాలి. ఆ గీటురాయి మీద చూస్తే పోర్టు బదులు పానకం పోసినా ఫర్వాలేదు, సూటు బదులు పంచె కట్టినా ఫర్వాలేదు. జవాను చేత ఇంటి చాకిరీ చేయించడం మాత్రం పోవాలి. బల్ల దగ్గర రాజకీయానికి ఉన్న నిషేధం మిగలాలి, అది ఎన్నికల వేదిక మీది నాయకుడికీ వర్తించాలి. గ్లాసు రాష్ట్రపతి పేరిటే లేవాలి. అది ఒక వ్యక్తి పేరిట లేచిన రోజున, అందులో ఉన్నది గంగాజలమైనా సరే, గణతంత్రం ఓడినట్లే.