మాట నిలబెట్టుకున్న లంచం

పెద్ద నాయకుడి మీద కేసు పడిందన్న వార్త రాగానే మన హాస్టల్ మెస్సులో రెండు పక్షాలు తయారవుతాయి. ఒకరు "కక్ష సాధింపు" అంటారు. రెండోవారు "ఇంకా జైల్లో వెయ్యలేదేం?" అంటారు. ప్రభుత్వం మారితే ఈ మాటలు నోళ్ళు మార్చుకుంటాయి. అభియోగం ఏమిటి, సాక్ష్యం ఏమిటి, చట్టం ఏమంటోంది అని అడిగేవాడు ఇద్దరికీ శత్రువే! నేనా మూడోవాణ్ణి. లా చదివినవాణ్ణి కాను గానీ, ఒక కేసును మాత్రం కుదురుగా కూర్చుని చదివాను. మన తెలుగువాడి పేరుతో లా పుస్తకాల కెక్కిన కేసు అది.

1993 జూలై 28న పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానం లోక్‌సభలో వీగిపోయింది. అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. సొంత బలం చాలని ప్రభుత్వం 14 ఓట్ల తేడాతో గట్టెక్కింది. జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు నలుగురు, మరికొందరు డబ్బు పుచ్చుకుని ఓటు వేశారని ఆరోపణ. 1996లో సి.బి.ఐ. కేసు పెట్టింది. ఆ డబ్బులో కొంత ఢిల్లీలో బ్యాంకులో వేసుకున్నారని కూడా అభియోగం. భోషాణంలో కాదు మహాప్రభో, బ్యాంకులో!

వ్యవహారం సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ముందుకు వెళ్ళింది. రాజ్యాంగం 105వ అధికరణం ప్రకారం పార్లమెంటులో సభ్యుడు అన్న మాటకు గాని, వేసిన ఓటుకు గాని ఏ కోర్టులోనూ జవాబు చెప్పుకోనక్కరలేదు. ఇది మంచి ఏర్పాటే. ఈ రక్షణ లేకపోతే మంత్రిని నిలదీసిన ప్రతిపక్షం వాడు మర్నాడు కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. కాని 1998 ఏప్రిల్‌లో ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీ ఈ రక్షణను ఎంత దూరం లాక్కుపోయిందో చూడండి. లంచానికీ ఓటుకీ సంబంధం ఉంది గనక, పుచ్చుకుని ఓటు వేసినవాళ్ళ మీద కేసు నడపడానికి వీల్లేదన్నది. అదే అభియోగం ఉన్న అజిత్ సింగ్‌గారు ఓటింగులో పాల్గొనలేదు, కాబట్టి ఆయనకు రక్షణ లేదన్నది!

అంటే ఏమిటన్నమాట? డబ్బు తీసుకుని మాట నిలబెట్టుకుంటే భయం లేదు. తీసుకుని మాట తప్పితే బోనెక్కాలి. పశువుల సంతలో బేరగాళ్ళ నీతి ఇది. లంచం చేతిలో పడగానే నేరం పూర్తయినట్టేనని మిగతా ఇద్దరు న్యాయమూర్తులు అగర్వాల్‌గారూ, ఆనంద్‌గారూ ఆనాడే చెప్పారు. సంఖ్యాబలం వారి పక్షాన లేదు.

ఇచ్చారన్నవాళ్ళకు మాత్రం ఈ రక్షణ దొరకలేదు. 2000లో ప్రత్యేక కోర్టు పి.వి.గారికీ, బూటాసింగ్‌గారికీ మూడేళ్ళ శిక్ష వేసింది. అప్రూవర్‌గా మారిన సభ్యుడి సాక్ష్యం నమ్మదగింది కాదని 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. కాబట్టి చట్టం దృష్టిలో ఆయన నిర్దోషి, ఇందులో రెండో మాటకు తావు లేదు. కాని పుచ్చుకుని ఓటు వేశారన్నవాళ్ళ సంగతో? వాళ్ళు దోషులూ కారు, విచారణ జరిగి నిర్దోషులుగా తేలినవారూ కారు. అలాంటి మనిషి మళ్ళీ ఓటడగడానికి వస్తే ఓటరు ఏమనుకోవాలి?

ఆ తీర్పు 26 ఏళ్ళు బతికింది. దాన్ని కూలదోసే సందర్భం కూడా ఆ ఇంటి నుంచే వచ్చింది. ఆ నలుగురిలో ఒకరైన శిబు సోరెన్‌గారి కోడలు సీతా సోరెన్ 2012 రాజ్యసభ ఎన్నికలో ఒక అభ్యర్థి నుంచి డబ్బు తీసుకున్నారని కేసు. ఆమె మామగారికి దొరికిన గొడుగే తనకూ కావాలన్నారు. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా కుదరదన్నారు. పుచ్చుకోవడంతోనే నేరం పూర్తవుతుంది, తర్వాత ఓటు ఎటు వేశారన్నది అనవసరం అన్నారు. అదే మార్చి 30న పి.వి.గారి కుటుంబానికి ఆయన భారతరత్నను అందించారు. రెండూ ఒకే నెలలో రావడం కాకతాళీయమే. నా మట్టుకు నాకు రెండూ న్యాయంగానే తోచాయి. 1991లో దివాలా అంచున ఉన్న దేశాన్ని ఒడ్డున పడేసిన మనిషికి ఆ గౌరవం దక్కాలి, ఆయన పేరు మోస్తున్న ఆ తీర్పు పోవాలి.

"ఇవన్నీ ఎందుకు, ప్రజాకోర్టులోనే తేలుతుందిగా" అంటారు మన నాయకులు. ప్రజలు తేల్చేది ఎవరు పాలించాలన్నది. ఎవరు ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారన్నది పోలింగు బూత్‌లో ఎలా తేలుతుంది? అక్కడ సాక్షుల బోను లేదు, క్రాస్ ఎగ్జామినేషన్ లేదు. పత్రికల్లో పేరొస్తే చాలు దొంగ అనేవాళ్ళకీ నాది ఇదే ప్రశ్న. 2015లో మన హైదరాబాదులోనే ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు కోసం ఒక ఎమ్మెల్యేకి డబ్బు ఇవ్వజూపారన్న కేసు పుట్టింది. దాని గురించి మన క్యాంటీన్‌లో గొంతు చించుకున్నవాళ్ళలో అభియోగపత్రం చదివినవాడు నాకొక్కడూ తగల్లేదు.

అసలు జబ్బు ఆలస్యం. జయలలితగారి ఆస్తుల కేసు 1990లలో మొదలైంది. సుప్రీంకోర్టు చివరి మాట 2017 ఫిబ్రవరిలో చెప్పింది. ఆమె 2016 డిసెంబరులోనే పోయారు! దోషికి ఈ ఆలస్యం వరం, నిర్దోషికి శాపం. అందుకే 2017 చివర ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులకు 12 ప్రత్యేక కోర్టులు పెట్టమని సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ చెరొకటి వచ్చాయి. ఈ కేసుల మీద స్వయంగా కన్నేసి ఉంచమని 2023 నవంబరులో హైకోర్టులకూ చెప్పింది.

క్రిమినల్ విచారణ మామూలుగా తలుపులు తెరిచి చేయాలన్నది చట్టం. ఎవరైనా వెళ్ళి వెనక బెంచీలో కూర్చోవచ్చు. మన లా విద్యార్థులు నెలకోసారి వంతులు వేసుకుని వెళ్ళి, ఏ కేసు ఎన్నిసార్లు వాయిదా పడింది, ఎవరడిగారు, ఏ కారణం చెప్పారు అని ఒక నోట్‌బుక్‌లో రాసుకువస్తే ఎలా ఉంటుంది? పార్టీ పేర్లు ఉండకూడదు, వ్యాఖ్యానం అసలే వద్దు. బస్సు ఛార్జీలు యూనియన్ పెట్టుకుంటే వచ్చే ఏటి సావనీరులో ఆ పట్టికకు రెండు పేజీలు చాలు.