నాన్నగారి కెమేరా

మొన్న ఆదివారం మా కాలేజీ కుర్రాడొకడు నోట్సు కోసం బహదూర్‌పల్లిలో మా యింటికి వచ్చి, బల్లమీది కెమేరా ఎత్తబోయి, "ఏంది సార్, గింత బరువున్నది! లోపల ఇనుము పోసిన్రా?" అన్నాడు. చేతిఫోనుతో రోజుకు వంద బొమ్మలు తీసేవాడికి ఆ అనుమానం రావడంలో తప్పులేదు. లెన్సుతో కలిపి కిలోకు కాస్త తక్కువ తూగుతుంది మరి.

దాని పేరు జెనిత్-ఇ. సోవియట్ రష్యాలో, మాస్కో పక్కనున్న క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలో 1965 నుంచి తయారైన రకం. జెనిత్ అంటే మన పంచాంగకర్తలు ఖమధ్యం అంటారే, ఆ నడినెత్తి ఆకాశం. మా నాన్నగారు 1981లో, నేను పుట్టిన ఏడు, ఎవరి దగ్గరో పాతదే కొన్నారు. పేరు ఆకాశానిదేగాని, మెడలో వేసుకుంటే తల నేలకే వంగుతుంది!

దీనికి బ్యాటరీ లేదు. నొసటిమీద తేనెపట్టు లాంటి గాజుపలక వెనక సెలీనియం ఉంటుంది. వెలుతురు పడితే అదే పిసరంత విద్యుత్తు పుట్టించి ఒక ముల్లును కదిలిస్తుంది. ముల్లు చెప్పిన లెక్క చదువుకుని, షట్టరు వేగమెంతో, లెన్సు కన్నమెంతో మన చేత్తో మనమే తిప్పి పెట్టుకోవాలి. సెకండులో 30వ వంతు నుంచి 500వ వంతు దాకా వేగాలు అయిదే.

అంతటితో అయిందా? బొమ్మ కంటికి స్పష్టంగా ఆనాలంటే లెన్సు కన్నం పూర్తిగా తెరవాలి. నొక్కేముందు వలయం తిప్పి మళ్ళీ తగ్గించాలి. మరిచామా, అంతే సంగతులు. 2000లో మా చెల్లెలి పెళ్ళిలో ఆ ఘనకార్యం నేనే చేశాను. పట్టపగలు ఆరుబయట తీసిన రీలంతా తెల్లబోయింది, దానితోపాటు నేనూ. "అవి తలంబ్రాలా, మంచువానా?" అని మా చెల్లెలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

బరువును మాత్రం నేను తిట్టను. లెన్సులోంచి వచ్చిన బొమ్మను మన కంటికి చూపించే అద్దం ఒకటి లోపలుంది. మీట నొక్కగానే అది టప్పున పైకి లేస్తుంది. ఆ అదురును ఈ బరువే చాలావరకు దిగమింగుతుంది. మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడాలి. అయితే అద్దం లేచిన ఆ క్షణంలో కంటికంతా చీకటి. పదిమందీ చూసే బొమ్మను తీసినవాడొక్కడే చూడడన్నమాట!

ఇంకొక లోపమూ ఉంది. వ్యూఫైండరులో కనబడేది ఫిలిం మీద పడేదానికంటే తక్కువ. అంచుల్లో ఏం పడుతోందో తీసేవాడికి తెలియదు.

మా ఆల్బములో అందరం ఉన్నాం, నాన్నగారు తప్ప. ఆయనెప్పుడూ కెమేరా వెనకే. పోయి ఆరేళ్ళయింది. దండ వేయడానికి గుర్తింపు కార్డుమీది బొమ్మే పెద్దది చేయించాం.

కుర్రాడు వెళ్ళాక, నేనూ మా అబ్బాయీ పాత నెగటివులను కంప్యూటరుకెక్కించే పనిలో కూర్చున్నాం. నా మూడో ఏటి బొమ్మ ఒకటి వచ్చింది. మట్టిలో చతికిలబడి ఏడుస్తున్నాను. కింద, అంచునే, ఒక నీడ. వంచిన తల, ముఖానికి ఆనించిన కెమేరా, రెండు మోచేతులు. అంతే. అచ్చు వేసినప్పుడు అంచు తెగిపోయింది కాబోలు, ఆల్బములోని బొమ్మలో అది లేదు.

"నాన్నా, ఆ నీడ కోసేయనా? బొమ్మ శుభ్రంగా ఉంటుంది" అన్నాడు మా అబ్బాయి.

మా అమ్మ కళ్ళజోడు తుడుచుకుని వచ్చి, దగ్గరగా వంగి, చాలాసేపు చూసింది.

"వద్దురా" అంది మనవడితో. "అంతగా కోయాలనుంటే ఆ ఏడ్చేవాణ్ణి కోసెయ్యి."