సమూయేలు కుమారులు, కొలీజియం గది

2025 ఆగస్టు 25న సుప్రీంకోర్టు కొలీజియం ఇద్దరు న్యాయమూర్తుల పేర్లను కేంద్రానికి సిఫారసు చేసింది. ఒకరు జస్టిస్ అలోక్ అరాధే, మన తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి బొంబాయికి బదిలీ అయినవారు. రెండవవారు జస్టిస్ విపుల్ పంచోలీ. ఆ రెండవ పేరును కొలీజియంలోని ఏకైక మహిళ జస్టిస్ బి.వి. నాగరత్న వ్యతిరేకించారని పత్రికలు రాశాయి. ఆమె అసమ్మతిని సుప్రీంకోర్టు బయటపెట్టలేదు. నాలుగు రోజులు తిరక్కుండానే ఇద్దరూ ప్రమాణ స్వీకారం చేశారు.

అమెరికాలో ఈ పోరాటం అందరి కళ్లెదుటా జరుగుతుంది. సెనేట్ సభ్యులు అభ్యర్థిని టీవీల ముందే ప్రశ్నిస్తారు. 2018లో బ్రెట్ కావనా 50-48 ఓట్ల తేడాతో గట్టెక్కారు. అక్కడి సంఘాలు కూడా ఆ తగాదాలో రెండుగా చీలాయి. మన దేశంలో పోరాటం లేదని కాదు. తలుపులు వేసుకుని జరుగుతుంది, అంతే.

తలుపుల వెనుక జరిగినది ఒక్కసారి వీధిలోకి వస్తే మన విశ్వాసులు ఎలా ప్రవర్తిస్తారో 2020లో చూశాం. ఆ ఏడాది అక్టోబరు 6న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి, భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎస్.ఎ. బోబ్డేకు లేఖ రాశారు. సీనియారిటీలో ఆయన తర్వాత ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణ రాష్ట్ర హైకోర్టు వ్యవహారాలలో జోక్యం చేసుకుంటున్నారని, చంద్రబాబు నాయుడుకు సన్నిహితులని అందులో ఆరోపించారు. నాలుగు రోజుల తర్వాత ముఖ్యమంత్రి సలహాదారు ఆ లేఖను పత్రికలవారికి విడుదల చేశారు.

జవాబు 2021 మార్చి 24న వచ్చింది. అంతర్గత పద్ధతిలో పరిశీలించి ఫిర్యాదును తోసిపుచ్చామని, ఆ ప్రక్రియ వివరాలు రహస్యమని సుప్రీంకోర్టు క్లుప్తంగా ప్రకటించింది. అదే రోజు బోబ్డే తన తర్వాతి ప్రధాన న్యాయమూర్తిగా రమణ పేరును సిఫారసు చేశారు. ఏప్రిల్ 24న ఆయన 48వ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కోకా సుబ్బారావు తర్వాత ఆ పీఠమెక్కిన రెండవ తెలుగువాడు.

మా బాధ ఆ లేఖ గురించి కాదు, దాన్ని మనం చదివిన తీరు గురించి. సికింద్రాబాద్ ఆలయాలలో ఒకే బల్ల మీద గుంటూరువారూ మెదక్‌వారూ కూర్చుంటారు. ఆ రోజుల్లో ఆరాధన ముగిశాక గుడి ఆవరణలో రెండు మాటలు వినిపించేవి. ముఖ్యమంత్రి మన విశ్వాసి గనుక ఆయన రాసింది నిజమై ఉంటుందని కొందరు. రమణగారు మన జిల్లావారు, అది కక్షతో రాసిన లేఖ అని మరికొందరు. లేఖ మొత్తం చదివినవారు ఎందరో తెలియదు. మేమూ చదవకముందే ఒక పక్షాన మొగ్గామని ఒప్పుకోవాలి. కారణాలు చెప్పకుండా ఫిర్యాదును కొట్టివేయడంతో ఎవరి నమ్మకం వారికే మిగిలింది. నిర్దోషి అని తేలిపోయిందని ఒకరు, కప్పిపుచ్చారని మరొకరు. నిజం ఏదైనా, దాన్ని చూసే అవకాశం ఎవరికీ లేకపోయింది.

సమూయేలు మొదటి గ్రంథం ఎనిమిదవ అధ్యాయం ఇక్కడ మనకు పనికొస్తుంది. సమూయేలు వంటి భక్తుడు వృద్ధాప్యంలో తన కుమారులనే న్యాయాధిపతులుగా నియమించాడు. బెయేర్షెబాలో యోవేలు, అబీయా లంచాలు పుచ్చుకుని తీర్పులు తారుమారు చేశారు. పెద్దలు వచ్చి ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదులో అబద్ధం లేదు. కాని వారు అడిగిన మందు వేరు, మాకు రాజు కావాలన్నారు. రాజు వస్తే ఏమేమి తీసుకుంటాడో సమూయేలు ఒక్కొక్కటి చెప్పినా వారు వినలేదు.

న్యాయమూర్తులే న్యాయమూర్తులను ఎంచుకునే కొలీజియం మీద ఫిర్యాదు కూడా అటువంటిదే, నిజమైనదే. 2014లో పార్లమెంటు పార్టీల తేడా దాదాపు లేకుండా 99వ రాజ్యాంగ సవరణ చేసి జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను తెచ్చింది. ఆరుగురు సభ్యులు. ముగ్గురు న్యాయమూర్తులు, న్యాయశాఖ మంత్రి, ఇద్దరు ప్రముఖులు. ఏ ఇద్దరు కాదన్నా పేరు ఆగిపోతుంది. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4-1తో దాన్ని కొట్టివేసింది. ఆ ఒక్కరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. మరుసటి ఏడాది, ఎవరు ఏమన్నారో రాసిపెట్టని సమావేశాలకు రానంటూ ఆయన కొలీజియంకు వెళ్లడం మానేశారు. కమిషన్ విషయంలో ఆయనతో మేము ఏకీభవించం, కాని రాసిపెట్టమన్న ఆ కోరిక మాత్రం న్యాయమైనది.

రాజు చేతికి ఇస్తే ఏమవుతుందో కూడా ఈ దేశం చూసింది. 1973లో కేశవానంద భారతి తీర్పు వచ్చిన వెంటనే ఇందిరా గాంధీ ప్రభుత్వం షెలత్, హెగ్డే, గ్రోవర్‌లను పక్కనబెట్టి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ముగ్గురూ రాజీనామా చేశారు. ఇది లాయర్ల చరిత్ర, మనకెందుకు అనుకోవద్దు. 1977 జనవరిలో స్టానిస్లాస్ కేసులో, మతాన్ని ప్రచారం చేసే హక్కులో మతం మార్పించే హక్కు లేదని తీర్పు రాసింది ఆ రేగారే. మతమార్పిడి నిరోధక చట్టాలను సమర్థించేవారు నేటికీ ఆ తీర్పునే చూపిస్తారు. అయిదుగురు న్యాయమూర్తులదీ ఒకే మాట గనుక, వేరొకరు ఆ పీఠంలో ఉంటే తీర్పు మారేదని మేము అనలేం.

అయితే న్యాయమూర్తి మనవాడైతే చాలా? 1986లో జాతీయగీతం పాడలేదని కేరళలో బడి నుండి పంపివేసిన యెహోవా సాక్షుల పిల్లల పక్షాన తీర్పు రాసింది మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంఘాలు ఆ శాఖ బోధను అంగీకరించవు. అయినా మన పిల్లల మనస్సాక్షికి కూడా నేడు ఆ తీర్పే అండ.

జస్టిస్ కె.ఎం. జోసెఫ్ సంగతీ ఉంది. ఉత్తరాఖండ్‌లో రాష్ట్రపతి పాలనను 2016లో కొట్టివేసిన ధర్మాసనానికి ఆయనే నాయకుడు. 2018లో కొలీజియం ఆయన పేరు పంపితే కేంద్రం తిప్పి పంపింది. కొలీజియం మళ్లీ పంపాక ఆగస్టులో ప్రమాణం చేశారు, అదీ ఆ రోజు ముగ్గురిలో చివర. క్రైస్తవుడని ఆపారని మనలో చాలామంది అన్నారు. ప్రభుత్వం చెప్పిన కారణాలు సీనియారిటీ, కేరళకు ఇప్పటికే ఉన్న ప్రాతినిధ్యం. ఉత్తరాఖండ్ తీర్పే అసలు కారణమని న్యాయవాదులలో చాలామంది నమ్మారు. 2023 ఏప్రిల్‌లో ఆయన, నాగరత్న కలిసిన ధర్మాసనం ద్వేష ప్రసంగాల మీద ఫిర్యాదు రాకున్నా, మాట్లాడినవారి మతం చూడకుండా కేసులు పెట్టాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆ ఆదేశం మన వేదికల మీద మాట్లాడేవారికి కూడా వర్తిస్తుంది.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ 2004లో వేసిన పిటిషన్ సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి నలిగింది. 2022లో వేసిన బాలకృష్ణన్ కమిషన్‌కు గడువు పొడిగిస్తూ వచ్చారు. ఇటువంటి కేసులు వినబోయే న్యాయమూర్తుల పేర్లు నిర్ణయమయ్యేది ఆ మూసిన గదిలోనే. మన సంఘాల నుండి ఎవరైనా ఎంపీలకు, న్యాయశాఖకు వినతిపత్రం రాయదలిస్తే ఒక్క మాట చేర్చమని మేము కోరతాం. జస్టిస్ నాగరత్న ఏమి రాశారో ప్రజలను చదవనివ్వండి.