హెలికాప్టర్ వచ్చేలోగా కాపాడేదెవరు?

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది సైనికులను కోల్పోయాం. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు వారిలో ఒకరు. మృతుల్లో 17 మంది తీవ్ర గాయాలతో ఎముకలు కొరికే చలిలో చిక్కుకుని కన్నుమూశారని మర్నాడు సైన్యమే ప్రకటించింది. ఆ రాత్రే తాను గాయపడి కూడా 30 మందికి పైగా సహచరులకు చికిత్స చేసి అమరుడైన నాయక్ దీపక్ సింగ్ పేరు మాత్రం చాలామందికి తెలియదు. 16 బిహార్ బెటాలియన్‌లో ఆయన నర్సింగ్ అసిస్టెంట్. మరణానంతరం వీర చక్ర దక్కింది. ఆసుపత్రికి దూరంగా, చేతిలో ఉన్న కొద్దిపాటి సరంజామాతో ప్రాణం నిలపడం ఒక ప్రత్యేక విద్య. దాన్ని తెలిసినవారు, నేర్పేవారు దేశ భద్రతలో భాగమన్న గుర్తింపు మనకు ఇంకా రాలేదు.

నిజానికి ఈ విద్యలో మనం వెనకబడినవాళ్లం కాదు. 1962 యుద్ధ కాలంలో మైదానాల నుంచి సైనికులను నేరుగా ఎత్తయిన కొండల మీదికి తరలించారు. తూటా తగలకుండానే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఎందరో కుప్పకూలారు. మన సైనిక వైద్యులు 1,925 మంది బాధితులను పరిశీలించి రాసిన వ్యాసం 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. ప్రపంచమంతా దాన్ని చదివింది. నేడు మన జవాను 9 వేల అడుగుల దగ్గర మొదలుపెట్టి, మూడు దశల్లో 14 రోజులు శరీరాన్ని అలవాటు చేసుకున్నాకే 15 వేల అడుగులు దాటిన శిబిరాల్లో విధుల్లో చేరుతున్నాడు. 1948లో గుల్మార్గ్‌లో మొదలైన సైనిక పాఠశాల, డార్జిలింగ్, ఉత్తరకాశీల్లోని పర్వతారోహణ సంస్థలు తరతరాలుగా శిక్షకులను తయారు చేస్తున్నాయి.

లోపం ఎక్కడుందంటే, ఈ జ్ఞానం శిబిరాల గోడలు దాటి బయటకు రావడం లేదు. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా దగ్గర మంచు చరియలు విరిగిపడి, సరిహద్దు రోడ్డు పనుల్లో ఉన్న 54 మంది కార్మికులు చిక్కుకున్నారు. సైన్యం, ఐటీబీపీ రాత్రింబవళ్లు శ్రమించి 46 మందిని కాపాడాయి. ఎనిమిది మంది దక్కలేదు. ముందురోజే రక్షణ పరిశోధన సంస్థ నుంచి హెచ్చరిక వెలువడింది. కానీ హెచ్చరికను అందుకుని ‘ఈ రాత్రి ఇక్కడ ఉండొద్దు’ అని చెప్పగల శిక్షణ, అధికారం ఉన్న మనిషి పనిచోట ఉండాలి కదా! 2024 జూన్‌లో సహస్రతాల్ యాత్రకు వెళ్లిన 22 మంది కర్ణాటక బృందంలో తొమ్మిది మంది ప్రతికూల వాతావరణానికి బలయ్యారు.

హెలికాప్టర్లు పెంచితే సరిపోతుందని కొందరి వాదన. అవి అవసరమే. కానీ గాలి పలుచబడే ఎత్తుల్లో అవి మోయగల బరువు తగ్గిపోతుంది. మబ్బు కమ్మితే లేవనే లేవవు. మాణాలో తొలిరోజు జరిగింది అదే. మంచులో కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పావుగంట దాటితే వేగంగా పడిపోతుంది. ఆ పావుగంటలో పార పట్టగలిగేది పక్కనున్న తోటి కార్మికుడే. అతనికి నేర్పాలంటే ముందు నేర్పేవారు కావాలి.

ఆ నేర్పేవారు కొద్దిమందే. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దండా శిఖరం వద్ద హిమ ప్రమాదం ఉత్తరకాశీ సంస్థకు చెందిన 29 మందిని మింగేసింది. ఆ ఏడాదే ఎవరెస్టు ఎక్కిన శిక్షకురాలు సవితా కంస్వాల్ వారిలో ఉన్నారు. అలాంటి అనుభవం ఒక్క నియామక ప్రకటనతో తిరిగి వచ్చేది కాదు.

చేయాల్సినవి అసాధ్యమేమీ కావు. ఎత్తయిన ప్రాంతాల్లో ప్రతి పనిచోటా శిక్షణ పొందిన రక్షకుడు ఉండాలని కాంట్రాక్టులోనే షరతు పెట్టాలి. అత్యవసర చికిత్సలో పరీక్ష నెగ్గి, కొన్నేళ్లకోసారి మళ్లీ రాసినవారికే ట్రెక్కింగ్ గైడ్ అనుమతి ఇవ్వాలి. నాలుగేళ్ల సేవ ముగించుకుని బయటకొచ్చే అగ్నివీరుల్లో కొండల్లో పనిచేసినవారిని శిక్షకులుగా తీర్చిదిద్దాలి. శిక్షకులకు తగిన జీతం, బీమా కల్పించాలి.

ఇది హిమాలయాలకే పరిమితమైన అవసరం కాదు. అల్లూరి జిల్లా మన్యంలో రోడ్డులేని గూడేల నుంచి రోగులను నేటికీ డోలీల్లో మోసుకొస్తున్నారు. ఆ మోసేవారికి రక్తస్రావం ఆపడం, విరిగిన ఎముకను కదలకుండా కట్టడం నేర్పితే దారిలోనే పోయే ప్రాణాలు కొన్నయినా నిలుస్తాయి. సరిహద్దు ప్రగతి నివేదికల్లో రోడ్ల కిలోమీటర్లు, సొరంగాల పొడవు లెక్కగట్టి చెబుతున్నారు. ఆ రోడ్డు వేసేవారికి తోడుగా శిక్షణ పొందిన రక్షకులు ఎంతమంది ఉన్నారన్న లెక్క కూడా అదే నివేదికలో కనిపించాలి.