కడలి పాలు కావలయునా, కొలిమికి చేరవలయునా?

ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులను పెక్కింటిని కేంద్ర ప్రభుత్వము 2022 జూలై 1 మొదలు నిషేధించినది. అయినను విశాఖ తీరమున సంచులును సీసాలును కానవచ్చుచునే యున్నవి. శాసన మొక్కటియే చాలదని మేమనుచున్నాము.

జపానులో నిప్పన్ ఉక్కు కంపెనీవారు 2000 సంవత్సరమునుండి వాడిన ప్లాస్టిక్కును స్వల్పభాగముగా బొగ్గుతో గలిపి, కోక్ ఓవెన్లయందు గాలి తగులకుండ కాచుచున్నారు. అది రమారమి ఐదింట రెండుపాళ్లు తారు, నూనెలుగను, రెండుపాళ్లు వాయువుగను, ఒకపాలు కోక్‌గను మారును. మన ఉక్కు కర్మాగారమునను కోక్ ఓవెన్లు గలవు. 1966లో ఆంధ్రులు ప్రాణములొడ్డి కోరిన యీ కర్మాగారమున ఇట్టి పరీక్ష యేల జరుపరాదు?

అయితే క్లోరిన్ గల పీవీసీ హెచ్చుగా కలిసిన యెడల గొట్టములు తుప్పుపట్టును. ఎంగిలిమెతుకులతో కలిసిన చెత్తను పిమ్మట వేరుచేయుట దుస్తరము. కావున ఆ పని ఇంటి గడపయందే మొదలు కావలయును. చిత్తు లేరి పొట్టపోసికొను పేదలు ప్లాస్టిక్ రకముల నెరిగినవారు. నగరపాలక సంస్థ వారికి న్యాయమైన కూలినిచ్చి ఆ పనియందు నిలుపవలయును. ఉక్కును హక్కుగా నడిగిన పట్టణము చెత్తను బాధ్యతగా స్వీకరింపవలదా?